మస్తానయ్య తీసేసిన బరువు

ఈ ఉదయం కోవూరులో మా షెడ్డు పక్కన ఎవరో పగిలిన నీళ్ళ ట్యాంకుకు ఫైబరు అతుకు వేస్తున్నారు. రెసిన్‌లో గట్టిపడే మందు కలిపినప్పుడు వచ్చే ఘాటు వాసన ముక్కుకు తగలగానే చేతిలోని పానా కింద పెట్టేశాను. అది నాకు మస్తానయ్యగారి వాసన. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో మద్రాసులోని ఒక పాత కార్ల సంఘానికి నేను ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఏడింటికీ రిజిస్టరు పోస్టు రసీదులున్నాయి కనక అందలేదని వాళ్ళు అనలేరు. నేనడిగింది గొంతెమ్మ కోరిక కాదు. నేనిచ్చిన చిన్న రేసు కారును వాళ్ళ హాల్లో నిలబెట్టి, ముందు ఒక బోర్డు పెట్టారు. ‘నిర్మించినవారు’ అన్న చోట నా పేరుంది. అక్కడ మస్తానయ్య పేరు ఉండాలి. సంఘం వారికి వినే తీరిక లేదు కాబట్టి, ఆయన్ని ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను.

నేను ట్రాక్టర్లు, పంపు ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఆ కారు విడిభాగాలుగా పెట్టెల్లో వస్తే కొన్నవాళ్ళే బిగించుకునే రకం. ఇనుప చట్రం మీద ఫైబరు ఒళ్ళు, ఇద్దరు కూర్చునే చోటు, పైకప్పు లేదు. వెనక రెండు సిలిండర్ల ఇంజను. రేడియేటరు, నీళ్ళు ఉండవు, మోటారు సైకిలుకు లాగా గాలే దాన్ని చల్లబరచాలి. గూడూరు దగ్గర ఒక నిమ్మతోటలో దాని లోపల కోళ్ళు కాపురముంటుంటే తెచ్చుకున్నాను. మద్రాసు అవతల ట్రాకు మీద అలాంటి చిన్న కార్లకు ఏటా పందెం జరుగుతుంది. అందులో దీన్ని పరిగెత్తించాలని నా పట్టుదల. ఇంజను మార్చకూడదని నిబంధన ఉంది కాబట్టి బరువు తగ్గించడం ఒక్కటే దారి. నెల్లూరులో నలుగురు బాడీ మేస్త్రీల దగ్గరికి వెళ్ళాను. నలుగురూ నవ్వారు. ఎవరెలా నవ్వారో ఇవాళ కూడా చెప్పగలను. వారిలో ఒకాయన, “దీన్ని రేసుకెందుకు సార్, పెళ్ళి ఊరేగింపుకు పంపండి,” అన్నాడు. చివరికి చేపల వ్యాను నడిపే ఒకతను జాలిపడి, “వాకాడు దిక్కు పట్టపుపాళెంలో మస్తానయ్యని ఉండాడు. ఫైబరు పడవలు చేస్తాడు. ఆయన నవ్వడులే, పో,” అన్నాడు.

వెళ్ళాను. తాటాకు పందిరి కింద బోర్లించిన పడవ మీద నడివయసు దాటిన మనిషి లుంగీ పైకి కట్టుకుని రెసిన్ పూస్తున్నాడు. కోవూరు నుంచి వచ్చానని పలకరించాను. తలెత్తలేదు. మళ్ళీ పలకరించాను. గంటన్నర ఎండలో నిలబెట్టాడు. ఆయన్ని కూడా నా లెక్కలో ఐదోవాడిగా వేసుకుని వెనక్కి తిరుగుతుంటే వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“మందు కలిపినాక రెసిన్ మనిషి కోసం ఆగదు కోవూరాయనా. నువ్వు ఆగినావు. దానికంటే నువ్వే మంచోడివి.”

నాకు నవ్వు రాలేదు. ఆయన నేను ట్రైలరు మీద తెచ్చిన కారు దగ్గరికి వెళ్ళి, వేలి కణుపులతో ముక్కు నుంచి తోక దాకా తట్టుకుంటూ పోయాడు. ఒక చోట టంగుమంది, ఇంకో చోట మొద్దుగా మోగింది. మొద్దుగా మోగిన ప్రతి చోటా బొగ్గుతో గీత పెట్టాడు. చూస్తుండగానే కారు చిరుతపులిలా అయిపోయింది.

“దీనికి నాలుగు చొక్కాలు తొడిగుండారబ్బయ్యా. పగిలినప్పుడల్లా పాత అతుకు తియ్యకుండా దాని మీదే కొత్తది ఏసినారు. పాతది తియ్యాలంటే ఓపిక కావాల గదా.”

అలా మొదలైంది. వారానికి రెండు రోజులు కోవూరు నుంచి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. మందం బలం కాదని నాకు మొదట నేర్పింది ఆయనే. “ఈతచాప నేల మీద పరిస్తే పడుంటాది. చుట్టి నిలబెట్టు, నిలబడతాది. బలం వొంపులో ఉండాది,” అనేవాడు. పాత అతుకులన్నీ అరగదీశాం. బరువైన తలుపులు తీసేసి, పడవ అంచుకు వేసినట్టు పక్కలకు సన్నటి మడత ఒకటి తిప్పాడు. నేను రెండు పొరలు వేద్దామన్న చోట ఆయన ఒకటే వేసి, దాని వెనక వెదురు బద్ద మందాన పక్కటెముకలు పోశాడు.

ఆ షెడ్డులో కాటా లేదు. పడవ బరువు వాళ్ళు తూచే పద్ధతి వేరు. పడవను భుజాలకెత్తుకుని ఇసుకలో నడుస్తారు. మేస్త్రి పక్కనే నడుస్తూ, మోసేవాళ్ళను పొద్దున ఏం కూర తిన్నారని అడుగుతాడు. ఆయాసం లేకుండా జవాబు చెబితే బరువు సరిపోయినట్టు. మాట మధ్యలో తెగితే ఇంకా తగ్గించాలి. రోజూ పడవ మోసేవాడు అలసిపోతే సముద్రంలో పని చెయ్యలేడు కనక ఈ కాటా అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. మా కారు ఒంటిని మొదటిసారి ఆరుగురం ఎత్తాం. “ఏం కూర?” అంటే ఒక్కరికీ గొంతు పెగల్లేదు. నెల పోయాక నలుగురం. మరో రెండు నెలలకు ముందు ఆయన, వెనక నేను, ఇద్దరమే.

“ఏం కూరబ్బయ్యా పొద్దున?”

నేను కూర సంగతి చెప్పకుండా, మా బావమరిది గృహప్రవేశానికి ఊరంతటినీ పిలిచి నాకు మాత్రం వాట్సాప్‌లో కార్డు పడేసిన వైనం మొదలుపెట్టాను. షెడ్డు నుంచి అలల దాకా వెళ్ళి తిరిగి వచ్చేదాకా ఆపలేదు. ఆయన కారు ఒళ్ళు కింద దించి నడుం పట్టుకుని నవ్వాడు.

“నీ కాడ ఈ కాటా పని చెయ్యదు. బావమరిది మాటెత్తితే నువ్వు లారీని మోస్తా కూడా మాట్లాడతావు.”

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. ఆయనంటే నవ్వొచ్చింది.

తప్పు చేసింది నేనే. ఇంజను చుట్టూ ఇనుప రేకు తొడుగు ఒకటుంది. ఫ్యాను విసిరిన గాలి దానిలోంచే సిలిండర్ల మీదికి పోవాలి. నేను జీవితమంతా నీళ్ళ ఇంజన్లు చూసినవాణ్ణి. పరిగెత్తే కారుకు గాలికేం కొదవ, ఈ రేకు దండగ బరువని తీసేశాను. మస్తానయ్య సిలిండర్ల మీది రెక్కలను వేలితో తడిమి చూశాడు.

“చేప మొప్పల మాదిరి ఉండాయి. వీటి మధ్యకి గాలి ఎట్టా పోతాది?”

“బయటంతా గాలే కదన్నా.”

“తెరచాప తీసేసిన పడవకీ గాలి తగుల్తాది. తగిల్తే పడవ పోతాదా?”

“పడవల సంగతి నువ్వు చూసుకో. ఇంజన్ల సంగతి నాకొదిలెయ్,” అన్నాను. అని ఊరుకోలేదు. ఇంకెవరూ ఆ మాటెత్తకుండా ఆ సాయంత్రమే రేకును పాత ఇనుము వాడికి ఇచ్చేశాను.

పందేనికి ఇరవై రోజులుందనగా సముద్రం వైపు రోడ్డు మీద పరిగెత్తించి చూశాం. మూడోసారికి మాడు వాసన వచ్చింది. ఇంజను పట్టేసి, వెనక చక్రాలు కీచుమని ఆగిపోయాయి. ఇద్దరం తోసుకుంటూ వెనక్కి వచ్చాం. దారి పొడుగునా ఆయన ఎప్పుడు నోరు తెరుస్తాడా, నేను చెప్పలేదా అంటాడా అని కాచుకున్నాను. ఆయన దారిలో ఒక మేకను అదిలించాడు, అంతే.

నాలుగో రోజు గోనెసంచి భుజాన వేసుకుని కోవూరులో బస్సు దిగాడు. అప్పటికి నేను ఇంజనును మా షెడ్డుకు తెచ్చి కొత్త పిస్టన్లు వేసి, తొడుగు ఎక్కడ దొరుకుతుందా అని తల పట్టుకుని ఉన్నాను. సంచిలోంచి అల్యూమినియం తొడుగు తీశాడు. చేపలకు ఐసు కొట్టే పాత పెట్టె రేకును చదును చేసి, సుత్తితో వంచి చేశాడు. ఇనుప దానికంటే తేలిక. బోల్టు రంధ్రాలతో సహా అతికినట్టు కూర్చుంది.

“కొలత ఎక్కడిదన్నా?”

“నువ్వు ఊడదీసిన దినమే అట్ట మీద గీసి పెట్టినా.”

“అంటే నేను చెడగొడతానని అప్పుడే తెలుసా?”

“నీ గురించి కాదబ్బయ్యా. ఏ పడవలో ఏ ముక్క తీసినా ముందు గీసి పెట్టుకుంటా. తిరిగి ఎయ్యాల్సొస్తే ఎవర్ని అడుక్కోవాల?”

పందెం రోజు ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పరుగుకు ముందు కార్లను పరీక్షించే అధికారి మా దాని పక్కల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. లోపలి పక్కటెముకలు వంగి చూశాడు. “ఇంత శుభ్రమైన పని ఇక్కడ చాలా కాలంగా చూడలేదు. ఎవరు చేశారు?” అన్నాడు. నలుగురు నవ్విన కారు అది. అలాంటి మాట నాతో ఒకరు అనాలని నేను ఎన్నేళ్ళుగా కాచుకున్నానో నాకే తెలుసు.

“నేనే,” అన్నాను.

అధికారి మస్తానయ్య వైపు చూసి, “మరి ఈయన?” అని అడిగాడు.

“పడవలాయన. తోడు వచ్చాడు.”

మస్తానయ్య రెండడుగుల దూరంలో తడిగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. విన్నాడు. చెయ్యి ఆగలేదు. అధికారి ఇచ్చిన కాగితంలో నిర్మించినవారి పేరు దగ్గర నా పేరు రాసి, కింద సంతకం పెట్టాను. పది కార్లలో మాది నాలుగోదిగా వచ్చింది. ఇంజను వేడెక్కలేదు. తిరుగుదారిలో వ్యానులో ఆయన మాట్లాడిందంతా కారు గురించే. “మూడో మలుపు కాడ దాని గొంతు మారింది, విన్నావా? బో బాగుండింది,” అన్నాడు.

నన్నెవరైనా అలా ‘తోడొచ్చినవాడు’ అని ఉంటే ఆ మాటను చచ్చేదాకా మోసేవాణ్ణి. నెల తరవాత క్షమాపణ చెప్పాలని వెళ్ళాను. కొత్త పడవ ఒకటి ఎత్తడానికి సిద్ధంగా ఉంది. “మంచి సమయానికి వచ్చినావు, పట్టు,” అని ఒక మూల నాకిచ్చాడు. ఇసుకలో నాలుగడుగులు వేశాక అలవాటుగా అడిగాడు.

“ఏం కూరబ్బయ్యా?”

నాకు మాట రాలేదు.

“బరువుగా ఉండాదా?”

“లేదన్నా,” అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. ఆయన నా మొహం కేసి చూసి, ముందుకు తిరిగి నడిచాడు. ఆ తరవాత ఎన్నోసార్లు వెళ్ళాను, వాళ్ళింట్లో చేపల పులుసు తిన్నాను, ఆయన పంపిన మనుషుల ఇంజన్లు బాగుచేశాను. ఆ మాట మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. ఆయన వారం జ్వరంతో పోయాడని కబురొచ్చేసరికి వాయిదా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఈనాటికీ నా షెడ్డులో ఏ ఇంజను విప్పినా, తీసే ముక్కను ముందు అట్ట మీద గీసి పెడతాను. ఒక భాగం ఎందుకుందో నాకు తెలియకపోతే దాన్ని దండగ అనను. నాకు వచ్చిన మంచి పనితనమంతా ఆ తాటాకు పందిరి కింద వచ్చిందే. పట్టించుకోని మనుషుల జాబితా నా దగ్గర చాలా పొడవైనది. అందులో ఐదోవాడిగా రాసుకున్నాయన పేరును ఆ పూటే కొట్టేశాను. ఇంకెవరి పేరూ అంత త్వరగా కొట్టెయ్యలేదు.

సంఘం వారు కారు అడిగితే సంతోషంగా ఇచ్చాను. బోర్డు చూశాకే ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకసారి ఫోనులో దొరికిన గుమాస్తా, “పందెం నాడు మీరు సంతకం పెట్టిన కాగితం చూసే రాశామండీ, మీ పేరే ఉంది కదా,” అని పెట్టేశాడు. నిజమే, ఉంది. ఆ కాగితం అబద్ధం. ఆ అబద్ధం నాది. ఏడు ఉత్తరాల్లోనూ ఈ ఒక్క మాట రాయడానికి నాకు మొహం చెల్లలేదు, ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ఆయన ముందు చెప్పుకోలేకపోయిన దాన్ని సరిచేసుకోవడానికి నాకు ఆ బోర్డు తప్ప వేరే చోటు లేదు. అయ్యా, సంఘం పెద్దలారా, తప్పు రాసినవాడే అది తప్పని చెబుతున్నాడు. మస్తానయ్య పేరు రాయడానికి మీకు ఇంకెవరి సాక్ష్యం కావాలి? జవాబు చెప్పండి.