తలనొప్పి ఫోటో

డిసెంబరు ముగిసే రోజుల్లో ధర్మవరంలోని మా ఇంటికి ఏటా ఒక చుట్ట వస్తుంది. తనకల్లులో మా పుట్టింటివారి అంగడి క్యాలెండరు అది. పాత పేపరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, దాంతోపాటు ఒక బెల్లం ముక్క కూడా పొట్లం కట్టి పంపుతారు. నా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు, కొత్త క్యాలెండరు విప్పి మేకుకు తగిలించి, పాతదాన్ని బియ్యం డబ్బా అడుగున పరిస్తేగాని మనకు సంవత్సరం మారినట్టు ఉండదు. ఈసారి ఆ చుట్టను మా తమ్ముడి మనవరాలే స్వయంగా బస్సెక్కి తెచ్చింది. బెంగళూరులో చదువుకునే పిల్ల, సెలవులకు ఇంటికి వచ్చి, ఈ ఏడు క్యాలెండరు పనంతా తానే చూసుకుందట. వచ్చీ రాగానే నన్ను కళ్ళు మూసుకోమని, ఆ కాగితం నా చేతుల్లో పరిచి, ఇక చూడమంది.

చూశాను. ఏటా లక్ష్మీదేవో వెంకటేశ్వరస్వామో ఉండే చోట నా పెళ్ళి ఫోటో ఉంది, అదీ రంగుల్లో. ఆ రోజు కట్టుకున్న చీర ఏ రంగో నాకే గుర్తులేదు, ఈ పిల్ల దానికి నిప్పుల్లాంటి ఎరుపు వేయించింది. పోనీ, అది పెద్ద విషయం కాదు. నా వెనకాల, మా పెద్దమ్మ పక్కన, పట్టుచీర కట్టుకుని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని ఒక ముసలామె నవ్వుతూ నిలబడి ఉంది. ఆ రోజు అక్కడ అలాంటి మనిషి ఎవరూ లేరు. ఎవరబ్బా ఈమె అని కళ్ళజోడు సర్దుకుని చూద్దును గదా, అది నేనే. డెబ్బయి దాటిన ఇప్పటి నేను, పెళ్ళిపీట మీద కూర్చున్న నా వెనకాలే నిలబడి ఉన్నాను. కింద పెద్ద అక్షరాల్లో, అంగడిని నిలబెట్టిన పెద్దవ్వకు కుటుంబమంతా కృతజ్ఞతలతో, అని అచ్చు వేశారు.

నేను సంతోషంలో మునిగిపోయాననుకుని ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది.

"పెద్దవ్వ ఫోటో యాడా దొరకలేదవ్వా. నువ్వు అచ్చం ఆమె మాదిరే ఉంటావని తాత అంటాడు కదా, అందుకని నీ ఫోటో ఇచ్చి, ఈమెను పెండ్లి ఫోటోలో నిలబెట్టమని ఫోన్‌లో బొమ్మలు మార్చే యాప్‌ను అడిగినా. అదే చేసి పెట్టింది."

పెద్దవ్వ అంటే మా అమ్మ. ఆమెకు ఈ లోకంలో ఒక్కటంటే ఒక్క ఫోటో లేదు. ఆమె పెళ్ళినాటికి మా ఊళ్ళో ఫోటో అనే మాటే ఎవరికీ తెలియదు. పోయినప్పుడు కదిరినుంచి ఫోటోగ్రాఫరును పిలిపిద్దామన్నారు గాని, మండు వేసవి, అంతసేపు ఆగలేకపోయారు. నా రెండో కాన్పునాటికే ఆమె లేదు. ఆమె ముఖం నా కళ్ళలోనూ, అంతో ఇంతో మా తమ్ముడి కళ్ళలోనూ తప్ప ఇంకెక్కడా లేదు.

మా నాయన పోయినప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో, తమ్ముడికి ఇంకా మాటలు సరిగా రాలేదు. అంగడి మూసేసి మా ఇంటికి వచ్చేయండని పెద్దనాయన అన్నాడు. అమ్మ వినలేదు, నాయన కూర్చున్న చోటే తాను కూర్చుంది. మధ్యాహ్నం బేరాలకు ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు గాని, పొద్దున్నే బోణీకి బొట్టులేని మనిషి చేతిమీదుగా సరుకు తీసుకోవడానికి జంకేవాళ్ళు. కొందరు ఎదురుగా వచ్చి, వాకిట్లో చెప్పు సవరించుకున్నట్టు నటించి, పక్క అంగడికి నడిచిపోవడం నేను కళ్ళారా చూశాను. అమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తెల్లవారగానే నాకు తలదువ్వి, బొట్టు పెట్టి, గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, మొదటి బేరం నా చేత చేయించి, అప్పుడు తాను లోపలినుంచి వచ్చి కూర్చునేది. నేను బడికి పరుగెత్తేదాన్ని. నా పెళ్ళయ్యేదాకా ఆ అంగడి బోణీ నాదే.

క్యాలెండర్లు పంచడం మొదలుపెట్టింది కూడా ఆమే. శివకాశి ఏజెంటు నమూనాల పుస్తకం తెస్తే, వంట కూడా మరిచిపోయి ఒక్కొక్క దేవుణ్ణీ తిప్పి చూసేది. ఏడాది చివర్లో ఎవరు వచ్చినా క్యాలెండరు మీద బెల్లం ముక్క పెట్టి, రెండు చేతులతో ఇచ్చి, మీరు వచ్చినారు కాబట్టే మేము తిన్నామప్పా, అనేది. బోణీకి జంకినవాళ్ళకూ అదే బెల్లం, అదే మాట. నాకు ఒళ్ళు మండేది, ఆమెకు మండేది కాదు.

ఇక నా పెళ్ళి. ఆ ఏడు శనక్కాయ చేలు పూతలోనే మాడిపోయాయి, పెళ్ళికి నీళ్ళు కూడా ఎద్దులబండి మీద పీపాల్లో తెప్పించుకున్నాం. ఇలాంటి ఏట ఫోటోలెందుకని పెద్దనాయన అంటే, అంగడి మూయనన్న తర్వాత ఇంక దేనికీ ఎదురు చెప్పని అమ్మ ఆ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. నా బిడ్డ పెండ్లికి ఫోటో ఉండల్ల, అంతే, అంది. కదిరినుంచి ఒక ఫోటోగ్రాఫరు, మెడలో కెమెరా, జేబులో ఒకే ఒక్క రీలుతో వచ్చాడు. ఇప్పటి పిల్లలకు నవ్వు రావచ్చు, ఆ ఒక్క రీలు కోసం మా వీధి వీధంతా తలలు దువ్వుకుని నిలబడింది.

పెద్దనాయన, పెద్దమ్మ కూర్చుని నన్ను ధారపోశారు. అమ్మ తెల్లవారుజామునుంచి సామాన్ల గదిలోంచి బయటికి రాలేదు, ఆమెను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. గట్టిమేళం మోగినప్పుడు నాకు తాళి పడిందని ఆమెకు ఆ మోతను బట్టే తెలిసి ఉంటుంది. చివరికి అందరూ కలిసి ఒక ఫోటో అని పంచలో మమ్మల్ని కూర్చోబెట్టారు, రీల్లో మిగిలింది అదొక్కటే. పెద్దమ్మ లోపలికి ఒక కేక వేస్తే, నేనెందుకు లేక్కా, మీరు తీయించుకోండి, అని అమ్మ అనడం నాకు వినిపించింది.

అంతలో ఆ ఫోటోగ్రాఫరు దాహమన్నాడు. నీళ్ళ చెంబు తీసుకుని పక్కవాకిలినుంచి అమ్మే వచ్చింది. ఆయనకు చెంబు ఇచ్చి, వెనక్కి పోకుండా, ఆయన పక్కనే పందిరి గుంజను పట్టుకుని నిలబడింది. ఆ రోజంతటిలో అమ్మ నన్ను చూడటం అదే మొదలు. ఏడుస్తుందేమోనని భయపడ్డాను, ఏడవలేదు. తలను కొంచెం పక్కకు వంచి, అంగడిలో తక్కెడ ముల్లు చూసినట్టు నన్ను పరీక్షగా చూసి, చెయ్యెత్తి తన నుదుటిని తాకి చూపింది. నా బాసికం ఒక పక్కకు జారిందట, సరిచేసుకోమని. బొట్టూ లేక, ఏమీ లేక, అన్నేళ్ళుగా ఎవరూ కన్నెత్తి చూడని ఆ నుదుటిని నలుగురిలో వేలు పెట్టి చూపిస్తుంటే నేను నిర్ఘాంతపోయాను. ఆమె మీదనుంచి చూపు తిప్పలేకపోయాను, నా చెయ్యి మాత్రం దానంతటదే పైకి లేచింది. ఈడ చూడండమ్మా అని ఆయన అన్నాడు, అందరూ అటు చూశారు, నేను అమ్మను చూశాను. టక్కుమని చప్పుడైంది, రీలు అయిపోయింది.

ఆ ఫోటోలో నా కళ్ళు పక్కకు ఉంటాయి, కుడిచెయ్యి నుదుటిదాకా పోయి ఆగి ఉంటుంది, బాసికం వంకరగా ఉంటుంది. అత్తగారింట్లో అందరూ దానికి తలనొప్పి ఫోటో అని పేరు పెట్టారు. నన్ను కట్టుకున్న గంటకే ఈమెకు తలనొప్పి వచ్చిందని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించి యాభై ఏళ్ళుగా నవ్విస్తూనే ఉన్నారు. నేనూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని. అసలు సంగతి చెబితే, ముత్తైదువులంతా ఉండగా ఆమె ఎందుకు ఎదుటపడిందని మా అమ్మను ఏమన్నా అంటారేమోనని మొదట్లో చెప్పలేదు, తర్వాత చెప్పడానికి సందర్భం రాలేదు. అమ్మకు ఆ ఫోటో చూపినప్పుడు మాత్రం, కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసి, చెప్తినే నీకు, వంకరగా ఉండాదని, అంది.

ఇప్పుడు మళ్ళీ క్యాలెండరు దగ్గరికి వస్తాను. నా వెనకాల నిలబడ్డ నన్ను చూసిన అదురు తగ్గకముందే రెండో దెబ్బ తగిలింది. పీట మీద కూర్చున్న ఆ పెళ్ళికూతురి బాసికం తిన్నగా ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పొందికగా ఉన్నాయి. కళ్ళు సూటిగా మనల్నే చూస్తున్నాయి. చెయ్యి, కండ్లు కూడా సరిచేయించినా అవ్వా, ఇంక నిన్ను ఎవురూ ఎగతాళి చేయరు, అని పిల్ల ముచ్చటగా అంది. దాని తప్పేమీ లేదు, నా మీద ప్రేమతో చేసింది. కానీ ఆ ఫోటోలో మా అమ్మ ఉన్నదల్లా నా ఆ చూపులోనూ, లేచిన ఆ చేతిలోనూ, వంకరపోయిన ఆ బాసికంలోనే. ఆ మూడూ తుడిచేసి, అమ్మను తెచ్చి పెట్టానంటుంది.

"ఎవర్నడిగి సరిచేసినావే?" అన్నాను. పిల్ల ముఖం వాడిపోయింది, కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తారు. ఇక దాచడం నావల్ల కాలేదు, ఏడుస్తూనే ఇద్దరికీ మొత్తం చెప్పాను. పిల్ల వెంటనే వాళ్ళ తాతకు ఫోను చేసి, పంచడం ఆపమంది. ఏమి ఆపేదిమ్మా, సగం ఊరు తీసుకపోయినారు, అవ్వ ఎంత కళగా ఉండాదో అని అందరూ కండ్లకద్దుకుంటాండారు, అన్నాడు మా తమ్ముడు. పొద్దున్నే అమ్మను చూసి పక్క అంగడికి పోయినవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇప్పుడు ఆమెను దేవుడి చోట తగిలించుకుంటున్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బొట్టులేని అమ్మనే అచ్చు వేసి ఉంటే ఎన్ని గోడలకు ఎక్కేదో నాకు తెలుసు. పోనీలే, ఉండనీ, అన్నాను.

మా ఆయన ఆ పూట భోజనాల దగ్గర కంచంలోకి చూస్తూ, అన్నేండ్లు నవ్వినా కదా నేను, అన్నారు. పిల్ల వెళ్ళేటప్పుడు అసలు ఫోటోను అడిగి తీసుకుని, నకలు వేయించి అంగడిలో గల్లాపెట్టె పైన తగిలించింది. పెండ్లికూతురు అట్ల యాటికో చూస్తాండాదేమి అని ఎవరన్నా అడిగితే, మా పెద్దవ్వ ఆడ నిలబడుకోని ఉండాది, ఆమెను చూస్తాంది, అని చెబుతోందట. అది నాకు చాలా ఊరట.

కానీ జరిగిన నష్టం ఒకటి ఉంది. ఆ బొమ్మ చూసినప్పటినుంచి కళ్ళు మూసుకుంటే నాకు అమ్మ రావడం లేదు, క్యాలెండరులోని ఆ నవ్వే ముసలామె వస్తోంది. మన కాలంలో ఫోటో పాడైతే పాడైనట్టే ఉండిపోయేది, ఆ పాడైనదాంట్లోనే మనవాళ్ళు మిగిలేవాళ్ళు. ఇప్పుడు మా ఇళ్ళ పెళ్ళిళ్ళలో వేలకొద్దీ ఫోటోలు తీస్తున్నారు, పెళ్ళికూతురు ప్రతిదాంట్లోనూ చక్కగా కెమెరానే చూస్తోంది, వాళ్ళ అమ్మ ఏ మూల నిలబడి ఏమి సైగ చేసిందో ఎవరికీ తెలియదు.

నిన్న పొద్దున స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలోనూ ఆ క్యాలెండరు మనిషే ఉంది. ఏమనిపించిందో, భర్త పక్కగదిలో ఉండగా ఏ ఆడదీ చేయని పని చేశాను. చెయ్యెత్తి, రెండు వేళ్ళతో నా బొట్టును మూసేశాను. అప్పుడు వచ్చింది అమ్మ, తల కొంచెం పక్కకు వంచి, నన్నే పరీక్షగా చూస్తూ. గుమ్మంలోకి వచ్చిన మా ఆయన, అన్నేళ్ళ అలవాటు కొద్దీ, ఏమి, తలనొప్పా అని అడగబోయి, సగంలో ఆగిపోయారు. నేను చెయ్యి తీయకుండా ఇంకాసేపు అలాగే నిలబడ్డాను.