నల్లబండను నమ్మి లావాలో పడ్డాను

ఆ వీడియోగేమ్ ప్రతి భాగంలోనూ అగ్నిపర్వతం తప్పదు. మొదటి రెంటిలో లావాపై తేలే నల్లబండలే మమ్మల్ని దాటించాయి. ఈ సాయంత్రం మూడవ భాగాన్ని, కువైట్ నుంచి తిరిగివచ్చిన మిత్రుడు మస్తాన్‌తో కలిసి ఆడాను. ఇద్దరికీ చెరొక ప్రాణమే మిగిలింది, దాటినవారికే కిరీటం.

"నువ్వు ముందు పో అప్పా, ఎనకాల్నే వస్తాండా" అన్నాడు.

నల్లబండపై కాలు పెట్టగానే అది కరిగి నన్ను ముంచేసింది. మస్తాన్ పక్కనే తేలుతున్న ఎర్రబండల మీదుగా దాటి కిరీటం అందుకున్నాడు.

"నీకు ముందే తెలుసునా?"

"లేదప్పా, నువ్వు మునిగినాకనే తెలిసింది. ఇంట్లో పరిచిన కడప బండ అనుకుంటివా ఏంది?"

అవును, అనుకున్నాను. పుట్టినప్పటినుంచి ఆ నల్లబండల మీదే నడిచినవాణ్ణి. బండనైతే క్షమించాను. మస్తాన్ రేపు టీకి వస్తానన్నాడు, తలుపు తీయమంటారా?