మా గోడ మీది డ్రెస్డెన్

ఆ రోజుల్లో ఎవరు ఎన్ని ఊళ్ళు చూస్తే వాళ్ళకు అంత గొప్ప. దమ్మపేటలో మా వీధికంతటికీ హైదరాబాద్ చూసొచ్చిన మొనగాళ్ళు ముగ్గురే. (భద్రాచలం లెక్కలోకి రాదు, అది అందరూ చూసిందే.) నేనైతే సత్తుపల్లి దాటిన పాపాన పోలేదు. అయినా జర్మనీలోని డ్రెస్డెన్ గురించి అడగండి, శాక్సనీ రాజుల రాజధాని అనీ, ఎల్బ్ నది ఒడ్డున ఉంటుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఈ పాండిత్యమంతా మా ఇంటి గోడ పెట్టిన భిక్ష. తూర్పు జర్మనీ విశేషాలతో తెలుగులో ఒక పత్రిక మా ఊరి రీడింగ్ రూముకు వచ్చేది. పాత సంచికలను నాన్న ఇంటికి తెస్తే, మట్టిగోడ పెచ్చులు రాలకుండా నాయనమ్మ మైదాపిండి ఉడకబెట్టి ఆ నున్నటి కాగితాలన్నీ అంటించేసింది.

నాయనమ్మకు చదువు రాదు. నేను చదివి వినిపించాలి. రాజులంతా గుర్రాలెక్కి వరసగా పోతున్నట్టు పింగాణీ పలకల మీద బొమ్మలేసిన పొడవాటి గోడ ఒకటుంది అక్కడ. ఆమెకు అదంటే ప్రాణం.

"యుద్ధంల ఊరంత కాలినా గా గోడకు ఏం కాలేదా?"

"కాలేదంట నాయనమ్మా."

"గోడంటే గట్లుండాలె. నది మాత్రం మన గోదారి ముందర ఏపాటిది!"

ఇంటికెవరొచ్చినా "మా డ్రెస్డెన్ చూసిండ్రా?" అని గోడ ముందు నిలబెట్టేది. వచ్చినవాళ్ళు మజ్జిగ తాగినంతసేపూ చూడక తప్పేది కాదు.

పదో తరగతిలో ఉండగా ఖమ్మంలో వక్తృత్వ పోటీ అన్నారు. విషయం 'నాకు నచ్చిన నగరం'. నాన్న తేల్చి చెప్పేశాడు. "ఫస్టొస్తే ఖమ్మం కాలేజీల చేర్పిస్త. రాకుంటే కుట్టుమిషన్ నేర్చుకో." నాకేమో సూదిలో దారం ఎక్కించడమే గగనం.

ఉపన్యాసం బాగానే కుదిరింది గానీ, ఆ ఊరి పెద్ద చర్చి దగ్గర ఆగిపోయింది. యుద్ధంలో బాంబులు పడ్డాయి, ఊరు తగలబడింది, చర్చి రెండు రోజులు నిలబడి కుప్పకూలింది, "ఆ తరువాత..." అంతే, పేజీ అయిపోయింది. మిగతాది వెనకవైపు. వెనకవైపేమో గోడకు అంటుకుని ఉంది! (అంటే నాకు తెలిసింది సగం డ్రెస్డెనే.)

పోటీ రేపనగా "పీకుదామా?" అన్నాను.

"నా గోడ జోలికొస్తే చేతులిరగ్గొడత!" అంది నాయనమ్మ. నా మొహం చూసింది. కాసేపటికి తనే వేడినీళ్ళు, గుడ్డ తెచ్చుకుని కూర్చుంది. "కాలేజీ అంటివి గదనే. జరుగు."

కాగితం వచ్చింది. దాంతోపాటు చేటంత మట్టిపెళ్ళ కూడా ఊడొచ్చింది. ఆ బొక్కలోంచి పక్కింటి మేక మమ్మల్ని తీరిగ్గా చూసింది. ఆత్రంగా వెనక్కి తిప్పాను కదా, చంటిపిల్లల స్వెట్టర్ అల్లే విధానం!

"ఏముందే?"

"స్వెట్టరు నాయనమ్మా."

"మన ఎండలకు స్వెట్టరా! వాళ్ళ మొహం మండ!"

ఖమ్మంలో అందరూ ఢిల్లీ, బొంబాయి అంటుంటే నేను డ్రెస్డెన్ అన్నాను. చివర్లో కళ్ళద్దాల జడ్జిగారు అడగనే అడిగారు. "ఆ చర్చిని మళ్ళీ కట్టారా అమ్మా?"

పొద్దున నేను బస్సెక్కేటప్పుడు మోకాళ్ళదాకా మట్టిలో నిలబడి తొక్కుతున్న నాయనమ్మ గుర్తొచ్చింది. "నాకు తెల్వదు సార్. మా ఇంటి గోడకు బొక్క పడితే మా నాయనమ్మ తెల్లారేసరికి మట్టి తొక్కుతున్నది. గంత పెద్ద ఊరోళ్ళు ఊకుంటరా సార్? కడతరు!"

హాలు గొల్లుమంది. తర్వాత చప్పట్లు. వచ్చింది మాత్రం రెండో బహుమతి.

"ఫస్టు గాదుగా," అన్నాడు నాన్న, నేను ఇంటికి తెచ్చిన కప్పును అటూ ఇటూ తిప్పి చూస్తూ.

నాయనమ్మ మట్టిచేతులతోనే లేచింది. "ఏందిరా ఫస్టు? నువ్వు ఖమ్మంల నలుగురి ముందర నిలబడి నీ పేరన్న చెప్పినవా ఎన్నడన్న? నా గోడ పగలగొట్టుకున్నది దీన్ని మిషన్ మీద కూసోబెట్టనీకా? పిల్ల కాలేజీకి పోతది. అంతే."

నాన్న కప్పును గూట్లో పెట్టాడు. జూన్‌లో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని తనే ఖమ్మం హాస్టల్‌లో దింపి వచ్చాడు. దారిపొడుగునా కండక్టర్‌తో, పక్క సీట్ల వాళ్ళతో "మా బిడ్డ జర్మనీ గురించి మాట్లాడింది" అని ఒకటే చెప్పడం. నేను సిగ్గుతో కిటికీలోకి తల దూర్చాను.

ఇప్పుడు తెలిసిన సంగతి చెప్పాలన్నా పదిసార్లు వెనకాముందూ చూసుకుంటాను. చూడని ఊరి గురించి, చదవని పేజీ గురించి, నిండు సభలో "కడతరు!" అని గొంతెత్తిన ఆ రెండు జడల పిల్లంటే మాత్రం, ఎందుకు దాచాలి, నాకు భలే గర్వం.