పోగుదొంగను పుట్టించిన మేస్త్రి

మా డిజైన్ మేస్త్రి పోయినాడని పొద్దున్నే మా పాప వేలూరు నుంచి ఫోన్ చేసింది. ఆయన్ను అక్కడ ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచీ చూసుకుంటా ఉన్నది పాపే. నేను నమ్మలేదు.

"బాగా చూసినావా పాపా? మీసం కదల్తా ఉండాదేమో చూడు" అన్నాను.

పాప ఏడుస్తానే నవ్వింది. "నాయనా, ఇది పోగుదొంగ కథ కాదు."

నా అనుమానానికి కారణం ఉండాది. పోగుదొంగ అనేవాడు మేస్త్రి గీసిన బొమ్మల కథలో విలను. వాడు ఎన్నిసార్లు చచ్చినాడో అన్నిసార్లూ లేచినాడు. ఊరంతా పూలమాలలు తెచ్చినాక మీసం కదిలించి కిటికీలో నుంచి పారిపోయేవాడు. అట్లాంటోణ్ణి పుట్టించిన మనిషి ఒక ఫోన్‌తో పోతాడంటే ఎట్ల నమ్మేది?

మేస్త్రిది గుడియాత్తంలో చిన్నప్పటి నుంచీ మా పక్కిల్లే. నాదీ ఆయనదీ ఒక ఈడు. నేను మగ్గం నేసేవాణ్ణి. ఆయన దుప్పట్ల అంచులకు డిజైన్ గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడికీ రంగు పెట్టుకుంటా పోతే పువ్వో, హంసో తేలేది. ఆ కాగితం చూసి ఇంకొకరు అట్టల్లో బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద ఎక్కిస్తే, బెజ్జాల ప్రకారం పోగులు లేచి పువ్వు గుడ్డలోకి దిగుతాది. మిగిలిపోయిన గళ్ళ కాగితాల మీద ఆయన సాయంత్రం అరుగు మీద కూర్చోని పోగుదొంగ కథ గీసేవాడు. వీధి పిల్లోళ్ళంతా ఆయన చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళందరికంటే ముందు మా పాప.

కథ ఏమంటే, పోగుదొంగ ఒక సన్న పోగైపోయి ఎవురి గుడ్డలోకైనా దూరతాడు. ఆ గుడ్డ కట్టుకున్నోళ్ళ మనసులోని రహస్యాలన్నీ వానికి వినబడతాయి. వాణ్ణి పట్టుకునేదానికి హీరో ఒకడు ఉండాడు, కాట్పాడి రైల్వే గార్డు. పచ్చజెండా రెక్కలు చేసుకోని ఎగిరి, రైలు జోలార్పేట చేరేలోపలే వాడు దొంగ ముందర దిగేవాడు. ఆ కథ విన్నాక మా పాప కొన్నాళ్ళు చొక్కా తొడుక్కునే ముందు విదిలించి, "లోపల ఎవురన్నా ఉండారా?" అని అడిగేది.

ఇందులో ఒక కిటుకు ఉండాది. హీరో తమిళం మాట్లాడతాడు. "నిల్లుడా!" అని, అంటే ఆగరా అని, తమిళ అక్షరాల్లోనే ఉంటాది. పోగుదొంగ మాత్రం తెలుగులో, తెలుగు అక్షరాల్లో మాట్లాడతాడు. మా పిల్లోళ్ళకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరం ఒక్కరికీ తెలీదు. నాకూ తెలీదు. నేను చదివింది ఐదు, అదీ తమిళంలో.

నాకు కోపమొచ్చింది. "ఏం మేస్త్రీ, మన భాష నీకు దొంగనాయాలకు పెట్టేదానికా దొరికింది?" అని అడిగినాను.

"హీరో ఏం చెప్తాడో అందురికీ తెలుసప్పా" అన్నాడు కుంచె కడుక్కుంటా. "విలను ఏం చెప్తాడో తెలుసుకోవాలనే కదా పిల్లోళ్ళు అక్షరం నేర్చుకునేది."

పిల్లోళ్ళు నేర్చుకున్నారు, సామీ! పలకా బలపం లేకుండా, దెబ్బ లేకుండా, దొంగ కోసం నేర్చుకున్నారు. మా పాప అందరికంటే ముందు నేర్చుకునింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎట్ల చెప్పేది, మగ్గం ఆపి వీధంతా తిరిగినాను.

అయితే సంతోషం పక్కనే ఒక అనుమానం కూర్చునింది. బొమ్మల్లో పోగుదొంగ ఆలోచన చేసేటప్పుడంతా కుడిచెవి పట్టుకుంటాడు. అది నా అలవాటు. మా వీధిలో ఇంకెవురికీ లేదు.

"వాడు నేనేనా మేస్త్రీ?"

"నీకు అంత అందం యాడిదప్పా?"

పాపను అడిగితే, "నువ్వే చదువుకో నాయనా" అని కాగితం వీపు వెనక దాచిపెట్టింది. ఇద్దరూ కలిసి నా గురించి ఏందో రాస్తా ఉండారని నాకు గట్టిగా అనిపించింది. ఆ విలను నన్ను ఏమంటా ఉండాడో తెలుసుకోవాలని నేనూ అరుగు ఎక్కినాను. పిల్లోళ్ళ మధ్యలో ఈ తాటిచెట్టంత మనిషిని కూర్చోబెట్టి మేస్త్రి అ ఆ లు దిద్దించినాడు. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తా ఉండానంటే ఆ అనుమానం పెట్టిన భిక్షే.

చదవడం వచ్చినాక మొదట వెతికి చదివింది పోగుదొంగ పుట్టుక. చదివి చల్లబడిపోయినాను. అది నా చిన్ననాటి సంగతి. తెల్లారి వీధిలో పడుగు, అదే మగ్గానికి ఎక్కే నిలువు పోగులు, పొడుగునా చాచి గంజి పెడతా ఉంటే, ఒకచోట పిడికెడు పోగులు పుటుక్కున తెగినాయి. పక్కన నిలబడి ఉన్నది నేను. మా నాయన అడగలేదు, చెవి మెలిపెట్టినాడు. అప్పటినుంచి నా చెయ్యి ఆ చెవి మీదికే పోతాది. కథలో ఆ పిల్లోడు అవమానంతో పడుగులోకి దూరి పోగైపోతాడు. ప్రతి గుడ్డలోకి దూరి, ప్రతి మనసూ విని, ఒకే మాట అడుగుతాడు: "ఆ పోగులు తెంపింది ఎవురు?"

ఆ సంగతి మేస్త్రికి నేనే ఎప్పుడో కాట్పాడి స్టేషన్‌లో టీ తాగుతా చెప్పినాను. అందువల్ల అది కాదు నన్ను పట్టుకునింది. ఆ బొమ్మలో పడుగు కింద ఒక పచ్చ గోలీ ఉండాది. దానికోసం ఇంకొక పిల్లోడు పాక్కుంటా పోయి, తల ఎత్తినాడు. ఆ తల తగిలే పోగులు తెగినాయి. గోలీ సంగతి నేను చెప్పలేదు. నాకే తెలీదు. ఈయనకు ఎట్ల తెలిసింది?

"గోలీ యాడిది మేస్త్రీ?"

"బొమ్మ కదప్పా. ఖాళీగా ఉంటే బాగుండదని ఏదో ఒకటి గీస్తిని."

నేను చెవి పట్టుకున్నాను. ఆయన చూపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒకసారి పెద్ద కథే జరిగింది. పోగుదొంగ మొహం గీసిన గళ్ళ కాగితం ఒకటి డిజైన్ కాగితాల్లో కలిసి పోయింది. బెజ్జాలు కొట్టేవాడు అదీ డిజైనే అనుకోని అట్టలు కొట్టేసినాడు. నేను మగ్గానికి ఎక్కించి నేసుకుంటా పోతే, హంసలు రావాల్సిన అంచులో వరసగా మొహాలు! అన్నీ చెవులు పట్టుకోని నన్నే చూస్తా ఉండాయి. పిల్లోళ్ళు ఎగిరినారు. "పోగుదొంగ నిజంగానే గుడ్డలోకి దూరినాడు!"

"కావాలనే చేసినావు కదా?" అని మేస్త్రిని నిలదీసినాను.

"నీ మీద ఒట్టు, నేను కాదు."

"ఒట్టు నీ మీద పెట్టుకో!"

ఆయన నవ్వినాడు కానీ పెట్టుకోలేదు. ఆ దుప్పటిని ఎవురికీ అమ్మలేక పెట్టెలో పెట్టుకున్నాను.

బొమ్మలు గీయడం ఆయన దగ్గరే నేర్చుకున్న మా పాప, పోయిన నెలలో ఆ కథంతా మళ్ళీ గీసి వేలూరులో పుస్తకం అచ్చు వేయించింది. ముందు నా చేతిలో పెట్టింది. నేను అట్ట మీద పాప పేరు తెలుగులో చదివినాను! నా బిడ్డ పేరు, నా కళ్ళతో! తిరువలం దాకా బంధువులందరికీ మైసూర్‌పాకు పంచినాను. ఆసుపత్రి మంచం మీద మేస్త్రి పుస్తకం గుండెల మీద పెట్టుకోని, "నా విలను బతికిపోయినాడప్పా" అన్నాడు. నా సంతోషంలోనే మళ్ళీ అడిగినాను. "ఇప్పుడన్నా చెప్పు. ఆ పోగులు తెంపింది ఎవురు?"

"చెప్పేస్తే పిల్లోళ్ళు ఇంకేం చదువుతారు?" అని కళ్ళు మూసుకున్నాడు. కొంచేపటికి నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

ఆయన్ను గుడియాత్తం తెచ్చి అరుగు మీద పడుకోబెట్టినారు. మా వైపు పోయినోళ్ళ మీద అయినోళ్ళు గుడ్డ కప్పుతారు. అందరూ కొత్తవి తెచ్చినారు. నేను పెట్టె తెరిచి ఆ దుప్పటి తెచ్చినాను. నా పక్కన నిలబడిన పాప, "అదా నాయనా?" అనింది. మడతలు విప్పి ఆయన మీద పరిచినాను. ఎందుకైనా మంచిదని మీసం ఇంకొకసారి చూసినాను. కదల్లేదు.

అంచు సరిగ్గా ఆయన గుండె మీదికి వచ్చింది. వరసగా పోగుదొంగలు, చెవులు పట్టుకోని, ఆయన లోపలి మాట వింటా ఉండారు. నేనూ వాళ్ళ పక్కన కూర్చోని, చెవి పట్టుకున్నాను.