రెండద్దాల కిటికీ

మా ఆవిడ కర్నూలులో ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి, పొద్దున ఇంటికొచ్చి పడుకోవాలి. కానీ మా రోడ్డు పడుకోనివ్వదు. బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లారీలు మా కిటికీ కిందుగానే పోతాయి. వాటి వెనక ఉల్లిగడ్డల ఆటో, దాని మైకు. పాత ఇనుము కొనేవాడి మైకు ఇంకొకటి. రెండు మైకులూ ఎదురుపడ్డాయంటే ఇక పంతమే. ఒకరోజు నిద్రమత్తులో మా ఆవిడ ఉప్పనుకొని చారులో చక్కెర వేసింది. చారు పారబోస్తే పోయె, ఈ మనిషే కదా రాత్రికి జనానికి సూదులు వేసేది అనుకుంటే నాకు నిజంగానే భయం వేసింది.

లారీల్ని తిట్టడానికి నాకు నోరు లేదు. నాది నాపరాళ్ల బేరం. ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆర్డర్లు తీసుకుని క్వారీవాళ్లకు చెబుతుంటాను. కిటికీ కింద పోయే లారీల్లో కొన్ని నేను పిలిపించినవే.

అందుకని రోడ్డు వైపు కిటికీలన్నిటికీ రెండేసి అద్దాలు వేయించాం. రెంటికీ నడుమ కాస్త సందు, చుట్టూ రబ్బరు పట్టీ. ఆ రోజు మా ఆవిడకు సెలవు. పని అయిపోయాక అద్దాలాయన, నేను కిందికి పోయి అరుస్తా, మీరు లోపల వినండి అన్నాడు. మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆయన రోడ్డు మీద చేతులూపుతూ చాలాసేపు నోరు తెరిచాడు. ఎదురింటి టైలరు మిషను ఆపి నవ్వుతున్నాడు. మాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆయన పైకొచ్చి ఏమైనా వినపడిందా అనడిగితే, లేదని సంతోషంగా చెప్పాం. ఆయన ఇంకా సంతోషంగా వెళ్లిపోయాడు.

ఆయన ఏమరిచాడో మరునాడు టైలరు చెప్పాడు.

"పొద్దున్నుంచి పని చేస్తాండా, ఈ ఇంట్లో టీ నీళ్లు గూడా ఇయ్యలేదప్పా."

వీధి వీధంతా విన్నది, మేం తప్ప. హడావిడిలో టీ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

సరే, సెలవు అయిపోయి, మళ్లీ రాత్రి డ్యూటీ చేసి వచ్చి మా ఆవిడ పడుకుంది. లారీ కనిపిస్తోంది, వినిపించడం లేదు. నాకు గర్వంగా ఉంది. అంతలో క్వారీ నుంచి ఫోను. అవతల రాయి కోసే మిషను మోగుతూ ఉంటుంది కాబట్టి వాళ్లతో ఎప్పుడూ అరిచే మాట్లాడతాను. అరిచాను. మా ఆవిడ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లారీలు యాడికి పోయినాయో గానీ, మీరు మాత్రం ఈడే ఉండారు."

నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకు తెలియదు. లారీల్లో కలిసిపోయేది. ఇప్పుడు బయటికి పోయే దారి కూడా లేక ఇల్లంతా తిరుగుతోంది. మెల్లగా మాట్లాడి చూశాను. క్వారీవాడు, ఏమప్పా, ఒంట్లో బాగలేదా అనడిగి, నాలుగంగుళాల రాయికి బదులు రెండంగుళాలది పంపాడు.

అప్పట్నుంచి ఆమె నిద్రపోయే వేళకు నేను రోడ్డు మీద ఉంటాను. టైలరు అంగడి నీడలో నిలబడి, లారీలతో పోటీగా అరుచుకుంటాను. ఇంట్లో నుంచి తరిమేసినారా అని అడగనివాడు లేడు.

మొన్న తాళంచెవి లోపలే మరిచి తలుపు లాగేశాను. మంచి ఎండ. కడుపులో ఏమీ లేదు. బెల్లు మీద వేలు పెట్టి మళ్లీ తీసేశాను. రోడ్డు దాటి, మా కిటికీ వైపు తిరిగి, గొంతు ఎంత ఉంటే అంతా పెట్టి అరిచాను.

"పొద్దున్నుంచి టీ నీళ్లు గూడా లేవప్పా ఈ ఇంట్లో."

అంగళ్లలో ఉన్నవాళ్లంతా తల బయటపెట్టి చూశారు. పైన కర్టెన్ కూడా కదల్లేదు. ఆమె నిద్రపోతోంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. టైలరు ఫ్లాస్కు తీసి ఒక గ్లాసు పోసిచ్చాడు.