పై అరలో చిలగడదుంప

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే రకం. నా లెక్కల్ని సగానికి సగం తగ్గించి చదువుకోండి. మా ఆవిడ పావు వంతే నమ్ముతుంది.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల కాగితాలు పీకేస్తే గోడలు కూలిపోతాయేమో అన్నట్టుండే రోజులవి. అక్కడ మూడో అంతస్తు గదిలో నేను చిలగడదుంప ఆకు ముక్కల్ని సీసాల్లో పెట్టి, వాటి నుంచి మొక్కలు తీయాలని కూర్చున్నాను. పంచదార, గడ్డకట్టించే అగర్ పొడి కలిపిన ద్రవాన్ని సీసాల్లో పోసి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. విజిల్ వినగానే కింది హాస్టల్ నుంచి నాలుగు వందల మంది కంచాలతో పైకొచ్చేవారు.

తర్వాత ఆకు ముక్క పెట్టి, మూత బిగించి, వారాల తరబడి ముట్టుకోకూడదు. గాలి తగిలిందా, బూజే. ముక్క ఉబ్బి ముద్దవుతుంది. ముద్దలోంచి మొలక రావాలి. చిలగడదుంప మహా మొండిది, మొలక అడిగితే వేళ్లు వేస్తుంది.

"సార్, కంప్యూటర్ క్లాసోళ్లు గీ గది కోసం దినాం ఫోన్ చేస్తుండ్రు," అన్నాడు ఇంటి యజమాని. "బోనాలు అయ్యేదాంక చూస్త. ఒక్క మొలక చూపియ్యి, గది నీదే. లేకుంటే ఖాళీ చెయ్యాలె."

ఉన్నవి పన్నెండు సీసాలు. నాకు కాలు నిలవలేదు. టీ తాగుదామని పంజాగుట్ట దాకా పోయి, తాగకుండానే వచ్చి సీసాలు చూసేవాణ్ణి. నా దెబ్బకు మెట్లు అరిగి నున్నగా అయ్యాయి.

"ఏంటక్కా, పొద్దుటి మీద కాస్త పచ్చబడినట్టు లేదూ?" అని సీసాలు కడిగే అక్కను అడిగాను.

"నీ కండ్లే పచ్చవడ్డయి సార్. జర కూసో."

బల్కంపేటలో బోనాల జనం లేపిన దుమ్ము ఆకాశానికెగసి, మా కిటికీలోంచి దూరి సీసాల్లో పడింది. పదకొండింటికి బూజు గడ్డాలు మొలిచాయి. పన్నెండోది కనబడనే లేదు. తాళం కోసం వచ్చిన యజమానికి ఈ దుమ్ము కథంతా చెప్పాను. ఆయన నాలుగు గోడల వంకా ఒకసారి చూసి, తాళం కోసం చెయ్యి చాపాడు.

అప్పుడు అక్క స్టూలెక్కి, పై అరలో డబ్బాల పక్కన, ట్యూబ్‌లైటు కింద ఉన్న సీసా దించింది. "సార్ చేతికి అందకుంట నేనే దాసిన," అంది.

లోపల తాటిచెట్టంత మొలక! సరే, బియ్యపు గింజంత.

"గింతేనా?" అన్నాడు యజమాని. సీసాను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "మస్తుగుంది. ఉండు సార్. గానీ సీసాలు అక్క దగ్గరనే ఉండాలె."

ఇక కల్పించిందేదో ఒప్పుకుంటాను. కంచాలవాళ్లు నలుగురైనా వచ్చారు. మొలక వచ్చింది. దుమ్ము మాత్రం రాలేదు. పదకొండు మూతలూ నేనే తీసి, ముద్దల్ని వేలితో నొక్కి చూశాను. అసలు ఆ గదికి కిటికీయే లేదు. కట్టించిన మనిషికి ఆ సంగతి తెలియదా!