నాన్న బిలియర్డ్సు కర్ర

ఈమధ్య గాజుల కొట్టులో లక్క కరిగించే వాసన ముక్కుకు తగిలేసరికి, యుద్ధం రోజుల్లో నరసరావుపేటలోని మా ఇంటి పంచ, సందె వేళకూ తగ్గని వేడి, గంపలో తాటిముంజలు, వాటి పక్కన బాసింపట్టు వేసుకుని బిలియర్డ్సు కర్ర బాగుచేసుకునే నాన్న, అన్నీ కళ్లముందుకొచ్చాయి.

నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆదివారం చర్చి, మిగతా సాయంత్రాలు క్లబ్బు. బదిలీ మీద వెళ్తూ ఒక ఆఫీసరు ఇచ్చిన ఆ కర్ర రెండు ముక్కలు. నడుమ ఇత్తడి మరతో బిగించాలి. మా ఎండలకు చెక్క ఎండిపోయి, దానికి తొడిగిన ఇత్తడి పొన్ను వదులై, బంతిని కొట్టినప్పుడల్లా అతుకు దగ్గర టకటకలాడేది. నాన్న పొన్ను ఊడదీసి, పాత లక్క గీకి, కొత్త లక్క కరిగించి పోసి బిగించేవాడు. మర చుట్లకు మైనం రాసేవాడు. ఆట అయ్యాక రెండు ముక్కలూ విడదీసి, దుమ్ము తుడిచి, గోడకు చేరేయకుండా నీడపట్టున పడుకోబెట్టాలని మాకు చెప్పేవాడు.

ఆ వేసవిలో మాత్రం ఎంత బిగించినా, "మళ్లీ వదులైందే" అంటూ తిరిగొచ్చేవాడు. ఒకరోజు అమ్మ కర్రను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూసింది. అతుకు ఇసుమంతైనా కదల్లేదు. తర్వాత, చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థపడుతున్న నాన్న వేళ్లకేసి చూసింది. ఆనాటి నుంచి ఆయన మజ్జిగ గ్లాసు సగమే నింపేది. నేను అడగబోతే కళ్లతోనే వారించింది.

క్లబ్బులో నాన్నకు ఆటలో జోడీ బట్టల కొట్టు శెట్టిగారు. ఓ సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"మాస్టారూ, నా కర్ర గూడా వదులైంది. చానా విసుగ్గా ఉంది. ఇక ఇక్కడే పులిమేక ఆడుకుందాం."

నాన్న చేతిలోని కర్రను పక్కన పెట్టాడు.

"వదులైంది కర్ర కాదు శెట్టిగారూ. నా చెయ్యి."

"తెలుసు. నా కర్రకేంది, బానే ఉంది."

అమ్మ సుద్దముక్క తెచ్చి అరుగు మీద గీతలు గీసింది. ఆ తర్వాత శెట్టిగారు క్లబ్బు మెట్లు ఎక్కలేదు. నాన్న చేతిలోంచి మేకగా పెట్టే గులకరాయి జారి ఎక్కడ పడ్డా, ఆయన అడక్కుండానే తీసి, నాన్న పెట్టాలనుకున్న చోటే పెట్టేవారు, దాంతో తన పులి కట్టుబడిపోతున్నా సరే.

ఇప్పుడు ఆ క్లబ్బు లేదు, మా అరుగు రోడ్డులో కలిసిపోయింది. మొన్న శెట్టిగారి మనవడి కొట్లో చీర కొంటూ ఈ మాట ఎత్తాను.

"మా తాత బిలియర్డ్సు ఆడేవాడా మామ్మగారూ? మాకెవరికీ తెలవదే."

"ఆడేవారు నాయనా," అన్నాను. "చానా బాగా ఆడేవారు."